తొమ్మిదో గుడ్డ

బండ మీద గుడ్డ పడిన ప్రతిసారీ రామలు నోట్లోంచి "హిస్సో" అని ఒక ఊపిరి బయటికొస్తుంది. పెద్దేరు చాకిరేవులో పన్నెండు బండలున్నాయి, పన్నెండు ఊపిరులున్నాయి. రైలు వంతెన మీద కళ్లు మూసుకుని నిలబడినా ఏ బండ దగ్గర ఎవరున్నారో చెప్పెయ్యొచ్చు. క్రియోలు ఆడవాళ్లు, అంటే ఆఫ్రికా నుంచి ఆ దీవికి తెచ్చినవాళ్ల సంతతి, పాడుతూ ఉతుకుతారు. కొందరు మొగుణ్ణి తిడుతూ ఉతుకుతారు, వాళ్ల గుడ్డలే తెల్లగా వస్తాయని పేరు. రామలుది పాటా కాదు, తిట్టూ కాదు. వేడి టీ మొదటి గుక్క తాగినవాడు చేసే చప్పుడది. యాభై ఆరేళ్లొచ్చాయి, నలభై నాలుగేళ్లుగా అదే బండ, అయినా ఆ పని రుచి అతనికి ఇంకా తగ్గలేదు.

మనిషి పొట్టి. కుడి భుజం ఎడమదానికన్నా రెండు వేళ్లు ఎత్తు. నీళ్లలో నాని నాని వేళ్ల కొసలు ఉడికిన చామదుంపల్లా ఉంటాయి. మీసం మాత్రం రెండు పక్కలా నిక్కబొడుచుకుని నిలబడుతుంది. ఇస్త్రీకి కాచిన గంజిలో కాస్త మీసానికి కూడా పెడతాడని పేటలో చెప్పుకుంటారు. అతను కాదనడు.

దొరలు గ్రాండ్ రివియేర్ అని పిలిచే ఆ యేటిని, కోరంగి రేవులో ఓడెక్కి మోరీసు దీవికి వచ్చిన మనవాళ్లు పెద్దేరు అన్నారు. యేటి పేరే పేటకీ వచ్చింది. పోర్ట్ లూయిస్ పట్నానికి చివర, రెండు గట్ల మధ్య, కొన్ని రేకుల ఇళ్లూ కొన్ని గడ్డి ఇళ్లూ. పైన రైలు వంతెన, దాని దిగువన చాకిరేవు, ఇంకా దిగువన పాడుబడ్డ సున్నపు బట్టీ, యేరు సముద్రంలో కలిసేచోట దిబ్బ మీద తుప్పు పట్టిన రెండు ఫిరంగులు. పేట అంటే అంతే. రామలుకి లోకమంటే కూడా అంతే. కాంప్ ద మాస్క్‌లో చెరుకు తోటలున్నాయనీ నువెల్ ఫ్రాన్స్‌లో చలి ఎక్కువనీ విన్నాడు గాని, చూడాలని ఎన్నడూ అనిపించలేదు.

ఆ వేళ సోమవారం, జూన్ నెల. ముందురోజే అమ్మోరి పండగ అయింది. రామలు బండ పక్కన తడి గోనె కింద ఎనిమిది దుప్పట్లు దాక్కుని ఉన్నాయి.

దాక్కోవడానికి కారణముంది. పండగనాడు ఆడవాళ్లు కాళ్లకి దట్టంగా పసుపు రాసుకుని, తలమీద నీళ్ల కడవలు పెట్టుకుని, యేటి ఒడ్డు నుంచి అమ్మోరి గుడిదాకా నడుస్తారు. మొదటి కడవ మోసే మనిషి పాదం మట్టిని తాకకూడదు. అందుకని చాకలి ఆమె ముందు తెల్లగుడ్డలు పరుస్తాడు. ఆమె దాటిన గుడ్డ తీసుకుని ముందుకు పరిగెత్తి మళ్లీ పరుస్తాడు. దాన్నే నడపావడ అంటారు. మరి అన్ని తెల్లగుడ్డలు చాకలికి ఎక్కడివి? ఈ ప్రశ్న పేటలో ఎవరూ వెయ్యరు, అమ్మోరు కూడా వెయ్యలేదు. ఎనిమిదీ గట్టు మీది పెద్దింటి మదామ్ గారి నార దుప్పట్లు. తొమ్మిదోది రామలు సొంత పంచె. నీటి అంచున అన్నిటికన్నా ముందు పరిచేది ఆ పంచే. అప్పుడే రాసిన పసుపు అప్పుడే అంటేది దానికే.

ప్రతి ఏడూ ఇదే వరస. ఆదివారం నడపావడ, ఆపైన మూడు రోజులు ఎండ, గురువారం మదామ్ ఇంటికి తెల్లటి మూట. పసుపు సబ్బుకి లొంగదు, సోడాకి లొంగదు. తడిపి ఎండలో పడేస్తే మాత్రం తోక ముడుచుకుని పోతుంది. ఈ సంగతి చాకలివాళ్లకి తెలుసు, మదామ్‌లకి తెలియదు.

"బొంజూర్ తొంతోన్!" అంటూ వంతెన పక్క బాట దిగి వచ్చింది జీన్. పెద్దింట్లో వంట చేసే క్రియోలు మనిషి. రామలుని మామయ్యా అన్నట్టుగా తొంతోన్ అని పిలుస్తుంది. "మదామ్ చుట్టాల పడవ మూడ్రోజులు ముందే వచ్చేసింది. ఈ రాత్రికే పక్కలు వెయ్యాలి. దుప్పట్లు ఎనిమిదీ అయిదు గంటలకల్లా కావాలంది. ఇస్త్రీ నేనే చేసుకుంటాలే."

"అయిదా? ఇయ్యాలా?"

"ఇయ్యాలే. ఆవిడ చేత్తోనే పరుస్తుంది. ఒక్కొక్కటీ కిటికీ దగ్గర ఎత్తి చూస్తుంది, నీకు తెలుసుగా. ఆలే, వీత్!" అని తొందర పెట్టి, వచ్చినంత వేగంగానూ వెళ్లిపోయింది.

రామలు గుండెల్లో రాయి పడింది. చాకలివాడి గుండెలో పడే రాయి ఉతుకుడు బండంత ఉంటుంది. పసుపు పాదాలు మదామ్ కంటపడితే ఆ ఇంటి మూట పోతుంది. ఒక్క మూట పోతే పోనీ. ఆవిడ నోరు విప్పిందంటే గట్టు మీద ఏ ఇల్లూ మళ్లీ దుప్పటి ఇవ్వదు. అప్పుడు వచ్చే ఏటికి నడపావడ పరవడానికి మిగిలేది సొంత పంచె ఒక్కటే. పంచె దాటాక అక్క పాదం మట్టిలో పడుతుంది. మొదటి కడవ మోసేది అతని అక్క అప్పలమ్మే.

కంగారులో మనిషి చెయ్యని తప్పుండదు. నలభై నాలుగేళ్లుగా ఉతుకుతున్న చాకలి, నిన్నగాక మొన్న పనిలో చేరినవాడు కూడా చెయ్యని పని చేశాడు. పైనున్న దుప్పటి లాగి సబ్బు నీళ్ల బానలో ముంచేశాడు. పైకి తీసి చూస్తే పసుపు పాదాలన్నీ ఎర్రగా, నెత్తురులో నడిచినట్టు ఉన్నాయి.

సరిగ్గా అప్పుడే అప్పలమ్మ గంజి తపేలా పట్టుకుని గుడిసెలోంచి దిగివచ్చింది. అరవై ఏళ్లది, బక్కపలచటి మనిషి, తెల్లజుట్టు నడినెత్తిన ముడి. దుప్పటి చూసి తపేలా కింద పెట్టింది.

"ఓలమ్మో! ఇదేటిరా? అమ్మోరు నడిసినట్టు నేదు, కాళ్లు తెగిన పొట్టేలు పరిగెట్టినట్టున్నాది!"

"సబ్బులో ముంచినానక్కా."

"ఎందుకు ముంచినావు?"

"అయిదు గంటలకి గావాలట."

"అయితే సబ్బులో నువ్వు ములగాల గాని, దుప్పటేటి సేసింది నిన్ను?"

రామలుకి కొంపలంటుకున్నట్టుంది. ఆవిడ మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు గుడిసె వెనక్కి వెళ్లి, చెంగునిండా నిమ్మకాయలు కోసుకొచ్చింది. ఇద్దరూ యేట్లో మోకాళ్లదాకా దిగి, సబ్బంతా జాడించి, ఎర్రటి పాదాల మీద ఒక్కొక్క కాయా పిండారు. ఎరుపు కరిగి మళ్లీ పసుపు తేలింది. రామలు ఊపిరి పీల్చుకున్నాడు. పసుపు చూసి అంత సంతోషపడ్డ చాకలి ఇంకొకడు ఉండడు.

"ఇప్పుడు ఎండ గావాల" అంది అప్పలమ్మ.

"రేవులోకి తొమ్మిది దాటితే గాని రాదు కదా."

"అది మనకాడికి ఎందుకొస్తాదిరా? మనవే దానికాడికి ఎల్లాల. మరిసిపోనావా?"

మరిచిపోలేదు. వాళ్ల అమ్మ ఇదే రేవులో ఉతికేది. రెండు గట్ల మధ్య ఎండ ఒకచోట నిలవదు. అందుకని తడిగుడ్డల బుట్ట ఇచ్చి పిల్లలిద్దర్నీ ఎండ వెంట పంపేది. పొద్దున ఎక్కడ పడుతుందో, మధ్యాహ్నం ఎక్కడికి జరుగుతుందో, ఆఖరి వెలుగు ఏ రాయి మీద వాలుతుందో ఆ ఇద్దరి కాళ్లకీ తెలుసు. ఇన్నేళ్ల తర్వాత మళ్లీ బుట్టకి చెరో పక్కనా చెయ్యి వేశారు. ఎనిమిది దుప్పట్లు, అడుగున పంచె.

"దాన్ని కూడా తడిపి ఆరేద్దామా?" అంది అప్పలమ్మ.

"నాదానికేం తొందర? అది తర్వాత."

పొద్దుటి మొదటి ఎండ వంతెన పడమటి కాలి దగ్గర పడుతుంది. అక్కడి రాళ్ల మీద దుప్పట్లు పరిచి, ఆరకుండా దోసిళ్లతో నీళ్లు చల్లుతూ కూర్చున్నారు. ఈ వంతెన కడుతున్నప్పుడు రామలుకి తొమ్మిదేళ్లు, అక్కకి పదమూడు. కూలీలు రాళ్లు దొర్లిస్తుంటే చూడ్డానికి మరీ దగ్గరికి పోయి అక్క కాలిమీద ఒకటి పడేసుకుంది. ఎడమ కాలి చిటికెనవేలు పక్కకి తిరిగి, మళ్లీ ఈ జన్మకి సరికాలేదు. మొదటి రైలు వచ్చిన రోజైతే పేటంతా గట్టెక్కింది. కొందరు కొబ్బరికాయలు కొట్టారు. ఇంజను కూతకి రామలు అక్క వెనక దాక్కున్నాడు.

"దాక్కోడమే గాదు, గోచీ తడిపినావు" అంది అప్పలమ్మ, అతనేం తలుచుకుంటున్నాడో తెలిసినట్టు.

"యేటి నీళ్లు సిందినాయి."

"గట్టుమీదకి యేరెక్కినాదేటి?"

అప్పుడే పైన పొద్దుటి రైలు పోయింది. ఇద్దరూ తలలెత్తి పెట్టెలు లెక్కపెట్టారు. ఆమెకి పదకొండు వచ్చాయి, అతనికి పది. చిన్నప్పుడూ అంతే, ఎప్పుడూ ఆమెకే ఒకటి ఎక్కువ.

ఎండ రేవులోకి దిగగానే దుప్పట్లూ దిగాయి. పదకొండున్నరకి పసుపు సగానికి సగం విరిగింది. రామలు మీసం దువ్వుకున్నాడో లేదో, కొండ మీంచి మబ్బు దిగి చినుకులు మొదలయ్యాయి. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. బుట్ట ఎత్తుకుని వంతెన కిందికి పరిగెత్తారు. వానకి కాదు గాని, నిలిచిపోయిన ఎండకి రామలు ప్రాణం కొట్టుకులాడింది. అప్పలమ్మ రొప్పుతూ రాయి మీద చతికిలబడింది. కాసేపటికి ఊపిరి కూడదీసుకుని, కమాను లోపలికి మొహం పెట్టి "ఓ పిల్లా!" అని కేక వేసింది. "ఓ పిల్లా" అంది వంతెన. అక్కడ ఇంకో పిల్ల ఉందనీ, రామలు అన్నం తినకపోతే వచ్చి తినేస్తుందనీ ఆవిడ చెప్పేది. పదేళ్లు నిండేదాకా అతను నమ్మాడు. ఇప్పుడు తనూ మొహం పెట్టి, "అన్నం తిన్నావేటి?" అని అరిచాడు. ఇద్దరు ముసలివాళ్లు వంతెన కింద పడీపడీ నవ్వుతుంటే, అవతలి బండ మీది క్రియోలు ఆడవాళ్లు పాట ఆపి చూశారు.

మబ్బు పోయాక రేవులో నీడ వచ్చేసింది. జూన్ నెల ఎండ కదా, పిసినారి ఎండ. బుట్ట ఎత్తుకుని సున్నపు బట్టీ దగ్గరికి నడిచారు. బట్టీ గోడకి ఎండ ఏటవాలుగా కొడుతుంది. నార గుడ్డ దానికి అతుక్కుని ఆరుతుంది. చిన్నప్పుడు ఆ బట్టీ బతికే ఉండేది. పగడపు రాళ్లు కాల్చిన వేడి బూడిదలో చిలగడదుంపలు పూడ్చి కాల్చుకుని తినేవాళ్లు. ఒకనాడు సున్నం గుట్టలో పొర్లి, నెత్తి నుంచి పాదాలదాకా తెల్లగా ఇంటికి పోతే, వాళ్ల అమ్మ దయ్యాలనుకుని చీపురు తీసింది. పిల్లలని తెలిశాక కూడా చీపురు దించలేదు.

అప్పలమ్మ గోడకి ఆనుకుని కాళ్లు చాపింది. నిన్నటి పసుపు మడమల పగుళ్లలో ఇంకా ఉంది. రామలు ఆ కాళ్ల వంక చూసి చూపు తిప్పుకున్నాడు.

పేటలో వాళ్లందరూ జ్వరాల ఏడు అని చెప్పుకునే ఏడు ఒకటుంది. చలిజ్వరం పట్నాన్ని ఊడ్చేసింది. ఒకే వారంలో అమ్మా పోయింది, నాన్నా పోయాడు. పన్నెండేళ్ల రామలు గుడిసెలో వణుకుతూ పడి ఉంటే, పదహారేళ్ల అప్పలమ్మ అమ్మోరి గుడికి పోయి మొక్కుకుంది. తమ్ముడు బతికితే, కాళ్లు నడిచినంత కాలం మొదటి కడవ తనే మోస్తానంది. తమ్ముడు బతికాడు. లేచి నడవగలిగిన రోజున అతనూ ఒక మాట అనుకున్నాడు, ఎవరికీ చెప్పలేదు. ఆ కడవ మోసేటప్పుడు అక్క పాదం మట్టి తాకకూడదు. ఆ ఏటి పండగకి పరిచిన దుప్పట్లు మదామ్ అత్తగారి మూటలోవి. అప్పట్నుంచీ ఒక్క ఏడూ తప్పలేదు. అక్కకి పెళ్లయింది, పదేళ్లకి మొగుడు పోయాడు, తిరిగి తమ్ముడి గుడిసెకే వచ్చింది. రామలుకి సంబంధాలు వచ్చాయి, పోయాయి. చాకిరేవు, అక్క తిట్లు, ఏటికొక్క నడపావడ. ఇంతకన్నా ఏం కావాలో అతనికి తోచలేదు.

మూడున్నరకి ఆరు దుప్పట్లు మల్లెపూవుల్లా తేలాయి. రెండింట్లో మాత్రం లేత పసుపు మొండికేసి కూర్చుంది. ఎండ బట్టీ గోడ దిగిపోయింది.

"ఫిరంగుల దిబ్బ" అన్నారిద్దరూ ఒక్కసారే.

దిబ్బ ఎక్కుతూ అప్పలమ్మ మూడుసార్లు ఆగింది. బుట్ట రామలు ఒక్కడే తీసుకున్నాడు. పైన సముద్రం మీంచి ఎండ అడ్డం లేకుండా వస్తోంది. రెండు ఫిరంగుల మీదా రెండు దుప్పట్లు కప్పేసరికి, అవి పక్కలేసుకుని పడుకున్న ముసలాళ్లలా ఉన్నాయి. ఆవిడ ఒకదాని పక్కన కూర్చుని వీపు ఆనించుకుంది. ఇనుము వెచ్చగా ఉంది.

చిన్నప్పుడు రామలు ఆవిడ వాటా బెల్లం తినేసి, తినలేదన్నాడు. ఇక్కడికి తీసుకొచ్చి ఫిరంగి మీద చెయ్యి వేయించింది. "దీనిమీద సెయ్యేసి అబద్దం ఆడితే పేలుతాది. ఇప్పుడు సెప్పు" అంది. అతను చెప్పలేదు, దిబ్బ దిగి ఇంటిదాకా ఆగకుండా పరిగెత్తాడు.

"అక్కా, మొకం అలా ఉన్నాదేటి? ఒంట్లో బాగుందా?"

"బాగానే ఉన్నాను" అంది అప్పలమ్మ. కుడిచెయ్యి ఫిరంగి మీద ఉంది. "సూడు, పేలిందా? నేదు కదా. ఇంక ఎల్లు."

రామలు నవ్వాడు. నాలుగున్నరకి ఆఖరి దుప్పటి ఎత్తి ఎండకి పట్టి చూశాడు. పాదం జాడ లేదు. ఎనిమిదీ మడతలు పెట్టి నెత్తికెత్తుకున్నాడు. బుట్టలో పంచె ఒక్కటే మిగిలింది.

"సీకటి పడేలోగా వచ్చి నిన్ను దింపుతాను. ఒక్కదానివీ దిగకు."

"నేనెక్కడికీ పోను. మదామ్ ఏటన్నాదో అంతా సెప్పాల, ఒక్క ముక్క మింగీకూడదు."

పెద్దింటి వెనక వసారాలో మదామ్ నిలబడి ఉంది. మొదటి దుప్పటి విప్పి కిటికీ దగ్గరికి పోయింది. రామలు తన కాళ్లనే చూసుకుంటూ నిలబడ్డాడు. ఆవిడ ఈ చివర చూసింది, ఆ చివర చూసింది. అలా ఎనిమిదీ అయ్యాయి. ఆఖరిది ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, ఫ్రెంచిలో జీన్‌తో ఏదో అంది. జీన్ నవ్వు ఆపుకుంటూ బయటికి వచ్చింది.

"నిమ్మపూల వాసనొస్తోందట తొంతోన్! ఇన్నేళ్లలో ఇంత బాగా ఎప్పుడూ ఉతకలేదట. ఇకమీదట ప్రతి మూటా ఇలాగే ఉండాలట." తర్వాత గొంతు తగ్గించింది. "దుప్పట్లకి రాసింది నిమ్మకాయో, అంటింది పండగ పసుపో, నాకేం తెలియదు. నేనేం చూడలేదు."

రామలుకి కాళ్లు భూమ్మీద ఆనలేదు. మదామ్ ముక్కు ఎలా ఎగరేసిందో, జీన్ ఎలా నవ్వు దాచుకుందో, దారి పొడుగునా మనసులో అభినయిస్తూ వచ్చాడు. నిమ్మపూలట! అక్క ఈ మాట పేటలో ఇంకో నలభై ఏళ్లు చెబుతుంది. వచ్చే ఏటి నడపావడకి ఢోకా లేదు. దిబ్బ కింద నుంచే మొదలుపెట్టాడు.

"అక్కా! మదామ్ ఏటన్నాదో తెలుసా? నిమ్మపూలట! మన పెరట్లో పుల్లకాయలు పిండితే నిమ్మపూలట!"

ఫిరంగి దగ్గరికి వచ్చి, ముక్కు ఎగరేసి, మదామ్‌లా దుప్పటి వాసన చూసినట్టు చేశాడు. అప్పలమ్మ ఫిరంగికి ఆనుకుని, కాళ్లు చాపి, సముద్రం వైపు మొహం పెట్టి కూర్చుని ఉంది. నవ్వలేదు. అంత మంచి మాటకి నవ్వకపోవడం అక్క పుట్టాక లేదు. దానితోనే రామలుకి తెలిసిపోయింది.

పక్కన కూలబడి, ఆమె చెయ్యి తన చేతుల్లోకి తీసుకున్నాడు. వెచ్చగానే ఉంది, ఇనుము వెచ్చదనమో ఆమెదో తెలియలేదు. మిగిలిన మాట కూడా, ఒక్క ముక్క మింగకుండా, చివరిదాకా చెప్పాడు. జీన్ ఏమందో కూడా చెప్పాడు. చెప్పడం అయ్యాక ఏడ్చాడు. ఏడుస్తూనే, వంతెన కింద ఇవాళ నవ్విన నవ్వు గుర్తొచ్చి, ఇంత మంచి రోజు చూసి పోయిందన్న ఒక తృప్తి కూడా గుండెలో కదిలింది. తర్వాత ఆమెని రెండు చేతులా ఎత్తుకుని దిబ్బ దిగాడు. పిల్లంత బరువుంది. రేవులో ఉన్నవాళ్లు బండలు వదిలి ఎదురొచ్చారు. మేం పట్టుకుంటాం అన్నా ఇవ్వలేదు. గుడిసె గుమ్మందాకా ఆమె పాదాన్ని మట్టి తాకనివ్వలేదు.

నాలుగో రోజు మళ్లీ బండ దగ్గరికి వెళ్లాలని, ఎవరో దిబ్బ మీంచి తెచ్చి గుమ్మం పక్కన పెట్టిన బుట్ట తీశాడు. అడుగున పంచె, ముద్దగా, ఇంకా చెమ్మగా ఉంది. విప్పాడు. యేటి అంచున ముందుగా పరిచినది కదా, పసుపు చిక్కగా అంటింది. యేటి వైపు రెండడుగులు వేశాడు. బయట ఎండ బాగా కాస్తోంది, పసుపు విరగడానికి అంతకన్నా మంచి ఎండ ఉండదు.

వెనక్కి తిరిగి గుడిసెలోకి పోయాడు. తలుపు దగ్గరగా వేసి, వెలుగు పడని మూల దండెం కట్టి, పంచె దానిమీద ఆరేశాడు. కాసేపటికి రేవులోంచి "హిస్సో" అని వినిపించింది.

గుడిసె నీడలో, దండెం మీద, తెల్లటి గుడ్డ నడిమధ్య ఒక పసుపు పాదం, చిటికెనవేలు కొంచెం పక్కకి తిరిగి ఉంది.